అడ్యేరికి భయం నేర్పడం

“నీ చుట్టాలే కదా, నువ్వే వెళ్ళి అడుగు. నా పిల్ల చెయ్యి ఎందుకు విరిచారో అడుగు.”

అది పక్క చేను తిబకునిర్వా గొంతు. పొగాకు ఆరబెట్టే పాక వెనక కూర్చుని రంపం మిషనుకు నూనె పోస్తున్న బగొంజా చేతిలో సీసా అలాగే ఆగిపోయింది.

“పదకొండేళ్ళ నించీ వాళ్ళతోనేగా నీ కాపురం. ఆమాత్రం చెప్పరా నీకు, కబగంబె?”

అన్న ఏదో అన్నాడు. వినపడలేదు. అన్న మాట ఎప్పుడూ పది అడుగులు దాటదు. అడవిలో కూర్చునీ కూర్చునీ గొంతు అక్కడే వదిలేసి వచ్చాడని వదిన అబ్వోలి అంటూ ఉంటుంది.

పాక వెనక నుంచి బగొంజా రెండు సంగతులు గమనించాడు. ఒకటి, తిబకునిర్వా అన్నను కబగంబె అన్నాడు. ఆ బున్యోరో సీమలో తెలిసినవాణ్ణి ఎవరూ అలా పిలవరు. పేరన్నది బడి పట్టికకీ పోలీసులకీ. మనుషులు పిలుచుకోవడానికి ఎంపాకో అని వేరే ఉంటుంది, పసిబిడ్డకు రాగిముద్ద వండి నలుగురినీ కూర్చోబెట్టి పెట్టే పిలుపు. అన్న ఎంపాకో అరాలి. తిబకునిర్వా అతనితో ఒకే చట్టిలో తిని పెరిగినవాడు, పుట్టి బుద్ధెరిగి అరాలీ అనే పిలిచాడు. ఇవాళ కబగంబె అన్నాడంటే ఆ చట్టి పగిలినట్టే.

రెండో సంగతి, ఇంతసేపూ జరిగిన తగువులో తన పేరు ఒక్కసారి కూడా రాలేదు. అదే అతన్ని ఎక్కువ గుచ్చింది.

జరిగింది ఊరంతటికీ తెలుసు. నిన్న మధ్యాహ్నం తిబకునిర్వా పెళ్ళాం వాగు పక్కన కర్రపెండలం తవ్వుతోంది. మూడేళ్ళ పిల్ల గట్టు మీద కూర్చుని ఉంది. మొక్కజొన్నలోంచి పెద్ద మగ చింపాంజీ వచ్చి పిల్లను చంకలో ఇరికించుకుని నలభై అడుగులు నడిచింది. తల్లి పార పట్టుకుని వెంటపడితే వదిలేసింది. పిల్ల బతికింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఇప్పుడు హోయిమా ఆసుపత్రిలో ఉంది.

“మా నాయన కాలంలో మనిషి వాసన తగిలితే చాలు, కొమ్మలు విరుచుకుంటా పారిపొయ్యేవి,” తిబకునిర్వా అంటున్నాడు. “ఇప్పుడు నేను రాయెత్తితే నా మొహంకేసి చూస్తంది, పిల్లనడగడానికొచ్చిన వియ్యంకుడిలాగ. ఎవడు నేర్పాడు దానికి?”

“నేనే నేర్పాను.” ఈసారి అన్న గొంతు వినపడింది.

“ఆదివారం ప్రార్థన కాగానే ఊరంతా వస్తన్నాం. వలలు, బల్లేలు, కుక్కలు. ఊరి ఛైర్మనుకీ చెప్పాం. నువ్వు అడ్డం పడతావా?”

“పడను. ఆదివారం దాకా ఆగండి. నేర్పినవాణ్ణి కదా, మరిపిస్తాను.”

తిబకునిర్వా నవ్వి, ఉమ్మి, వెళ్ళిపోయాడు. ఆ రోజు బుధవారం. అడవిలో మిగిలినవి తొమ్మిది చింపాంజీలు. చంపితే జైలని అందరికీ తెలుసు. ఊరంతా కలిసి చంపితే ఎవడి పేరూ బయటికి రాదనీ తెలుసు. పట్నంలో అడవి జంతువుల సంగతి చూసే ఆఫీసుకు కబగంబె ఆ సాయంత్రమే సైకిలు మీద వెళ్ళాడు. అర్జీ రాసి పెట్టమన్నారు. జీపులో పెట్రోలు లేదన్నారు.

*

కబగంబె బగొంజా కన్నా పద్దెనిమిదేళ్ళు పెద్ద. మధ్యలో పుట్టినవాళ్ళెవరూ దక్కలేదు. అయిదో తరగతిలో బడి మానేసి తండ్రి వెంట అడవి పట్టాడు. తండ్రి అడవిజింకలకు ఉచ్చులు పన్నేవాడు. సైకిలు బ్రేకు తీగ పేని ఉచ్చు చెయ్యడంలో కబగంబెది ఆయన కన్నా మంచి చెయ్యి.

న్యకబాలె వాగుకు అటూ ఇటూ పాయలా సాగిన ఆ అడవి వాళ్ళదే, తాతల నాటిది. మొదటి నుంచి చివరికి నడవడానికి ఒక పూట చాలు. అందులో ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఏ మేడిచెట్టు ఎప్పుడు పండుతుందో కబగంబెకు తెలుసు. అందుకే చింపాంజీలను చదవడానికి వచ్చిన డాక్టరమ్మ అతన్ని పనిలో పెట్టుకుంది. పొడుగ్గా, ఎండకు ముక్కు మీద తోలు ఎప్పుడూ ఊడుతూ ఉండే తెల్లావిడ. ఆమె అతనికి చెప్పిన పని ఒక్కటే. కూర్చోవడం.

మూడేళ్ళు కూర్చున్నాడు. రోజూ అదే ఆకుపచ్చ చొక్కా, ఎందుకంటే చొక్కా మారితే కొత్త మనిషి. కత్తి తీసుకెళ్ళకూడదు. వేలు చూపించకూడదు. కళ్ళలోకి చూడకూడదు. వాళ్ళు కనపడగానే వీపు తిప్పి కూర్చుని, మోచెయ్యి నిమ్మళంగా గోక్కుంటూ, ఆకు తెంపి నమిలినట్టు నటించాలి. నేను నా తిండి తింటున్నాను, నీ జోలికి రాను, అని చెప్పడం అది. మొదటి ఏడు అతన్ని చూసి భయంతో కొమ్మల మీది నుంచే విరేచనాలు పెట్టుకుని పారిపోయాయి. రెండో ఏడు పైనుంచి అరిచాయి, కొమ్మలు విసిరాయి. మూడో ఏడు వానల్లో ఒక ఆడది పిల్లను వీపు మీద వేసుకుని చెట్టు దిగి, అతనికి పది అడుగుల దూరంలో కూర్చుని రాలిన మేడిపళ్ళు ఏరుకుంది. దాని కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయి ఉంది. ఉచ్చు.

ఆ సాయంత్రం కబగంబె అన్నం ముట్టలేదు. సంతోషమని అబ్వోలి అనుకుంది. సంతోషమే, కానీ మణికట్టు చుట్టూ ఆ మచ్చ మూడు పేటల తీగది. ఆ చుట్టుపక్కల మూడు పేటలు పేనేది తనొక్కడే. ఈ మాట అతను ఏళ్ళ తర్వాత ఒకసారి సారా తాగినప్పుడు తమ్ముడితో అన్నాడు, మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

డాక్టరమ్మ తన పుస్తకంలో ఒక్కోదానికి రెండక్షరాల గుర్తు పెట్టుకుంది. కబగంబెకు అది పద్ధతిగా అనిపించలేదు. రోజూ ఎదురుపడేవాళ్ళను గుర్తులతో పిలుస్తారా? అందరికీ ఎంపాకోలు పెట్టాడు. చెయ్యి తెగిన ఆ ఆడదానికి పెట్టింది అడ్యేరి, చనిపోయిన తన తల్లిది.

“అమ్మ పిలుపు కోతికి పెట్టావా?” అని బగొంజా అప్పట్లో నవ్వాడు. పదిహేనేళ్ళవాడు.

“కోతికి తోకుంటుంది,” అన్నాడు కబగంబె.

మిగతా పనీ నేర్చుకున్నాడు. అవి రాత్రి పడుకునే గూళ్ళు లెక్కపెట్టడం, ఎవరు ఎవరి పేలు చూస్తున్నారో రాయడం, కడుపులో పురుగులు పడితే ఏ గరుకు ఆకును నమలకుండా మింగుతాయో కనిపెట్టడం, వాటి పెంటను వాగులో కడిగి గింజలు ఏరడం. ఒకసారి జల్లెడ దొరక్క అబ్వోలి పిండిజల్లెడ పట్టుకెళ్ళాడు. ఆమె దాన్ని మళ్ళీ ఇంట్లోకి రానివ్వలేదు, రెండు రోజులు అతన్నీ రానివ్వలేదు. మనిషి దగ్గు వాటికి సోకితే గుంపు గుంపే పోతుందని డాక్టరమ్మ చెప్పాక, ఇంట్లో ఎవరు తుమ్మినా గాదె కింద చాప వేసుకునేవాడు. బిడ్డలకు జ్వరమొస్తే తండ్రులు దగ్గర చేరతారు, ఈయన దూరం జరుగుతాడు అని అబ్వోలి బావి దగ్గర ఆడవాళ్ళకు చెప్పి నవ్వించేది. నవ్వు వెనక ఏముందో వాళ్ళకు తెలుసు.

మూడేళ్ళ కిందట డాక్టరమ్మకు డబ్బిచ్చేవాళ్ళు ఆపేశారు. ఆమె బూట్లూ దుర్భిణీ ఇచ్చి, ఏడ్చి, వెళ్ళిపోయింది. కబగంబె మర్నాడు పొద్దున్నే ఆకుపచ్చ చొక్కా వేసుకుని అడవికి వెళ్ళాడు. ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళాడు. ఎవరూ అడగని లెక్కలను బడిపిల్లల నోటుపుస్తకాల్లో రాస్తూనే ఉన్నాడు.

*

బగొంజా ఆ ఏడే కంపాలా కాలేజీ నుంచి రెండో సంవత్సరం మధ్యలో వచ్చేశాడు. చదువు ఎక్కక కాదు, కూర్చోవడం ఎక్కక. ఒంట్లో ఎప్పుడూ ఏదో గీరుతున్నట్టుండేది. ఊళ్ళో అందరూ చెరుకు వేస్తున్నారు. ఫ్యాక్టరీ లారీ చేను గట్టు దాకా వస్తుంది. తండ్రి అడవిలో తన సగం తనకు కావాలన్నాడు. ఈ ఏడు జనవరిలో రంపం మిషను తెచ్చి పని మొదలుపెట్టాడు.

ఆ రోజు కబగంబె వచ్చి మిషను చప్పుడు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత తనకు అలవాటు లేనంత సేపు మాట్లాడాడు. ఈ చెట్లలో సగం ఎవరూ నాటినవి కావన్నాడు. చింపాంజీల కడుపులోంచి పడ్డ గింజలు మొలిచినవన్నాడు, పెద్ద గింజ మింగి దూరం మోసుకెళ్ళే నోరు ఈ చుట్టుపట్ల వాటికి తప్ప ఇంక దేనికీ లేదన్నాడు. అవి పోతే ఉన్న చెట్లు ముసలివై పడిపోతాయి, కొత్తవి రావు. చెట్లు పోతే వాగు పోతుంది. వాగు పోతే నీ చెరుక్కీ నీళ్ళుండవు, మన ఊటబావీ ఉండదు. గింజలు నేను కడిగి ఏరినవాణ్ణి, నాకు తెలుసు.

బగొంజా అన్నదల్లా ఒక్కటే. “నువ్వు పదకొండేళ్ళు వాటి పెంట కడిగావు. నీకేం మిగిలింది?”

అన్న ఆ రోజు నుంచి తమ్ముణ్ణి ఎంపాకోతో అత్వూకి అని పిలవడం మానేశాడు. బగొంజా అంటాడు. వడ్డించేటప్పుడు కూడా అంతే. ఒకే ఇంట్లో పరాయివాడి పేరు.

నెలలో సగం అడవి నేలకు దిగింది. అందులో మేడిచెట్లు పదిహేడు. వానలొచ్చేసరికి చింపాంజీలు పనసచెట్ల కోసం దొడ్లలోకి, కంకుల కోసం చేలల్లోకి వచ్చాయి. తిబకునిర్వాకు మాత్రం చింపాంజీలకు ధైర్యం నేర్పినవాడే కనపడ్డాడు, ఆకలి నేర్పినవాడు కనపడలేదు. ఆ మాట తనే లేచి చెప్పాలని బుధవారం పాక వెనక బగొంజాకు అనిపించింది. లేవలేదు.

*

గురువారం పొద్దున కబగంబె ఆకుపచ్చ చొక్కా వేసుకోలేదు. తండ్రి నల్లకోటు వేసుకున్నాడు. చేతిలో ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర. అబ్వోలి అతన్ని ఎగాదిగా చూసి, శవయాత్రకా పెళ్ళికా అని అడిగింది. ఇంకా తెలీదన్నాడు.

బగొంజా చెట్ల చాటున వెనకాలే వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో అడిగితే చెప్పలేడు.

మిగిలిన మేడిచెట్ల కింద తొమ్మిదీ ఉన్నాయి. కబగంబె డబ్బా మీద దబదబా కొట్టాడు. అరిచాడు. ఆ గొంతులోంచి అంత అరుపు రావడం బగొంజా ఎప్పుడూ వినలేదు. చింపాంజీలు తలలు తిప్పి చూశాయి. ఒక్క నిమిషం. తర్వాత పెద్ద మగది వొళ్ళంతా రోమాలు నిక్కపొడిచి, పలకలా లేచిన చెట్టువేరు దగ్గరికి ఉరికి, రెండు చేతులా రెండు కాళ్ళా దాని మీద దబదబా వాయించింది. కుర్రవి ఎగిరి గంతులేశాయి. కబగంబె కొడితే అది కొట్టింది. అతను ఆపితే అదీ ఆపి, మళ్ళీ ఎప్పుడు మొదలెడతావన్నట్టు చూసింది. గుంపులో మగాళ్ళు పొద్దున్నే గొప్ప చాటుకోవడానికి చేసేది అదే. పదకొండేళ్ళకి కబగంబె కూడా చేస్తున్నాడని అవి సంబరపడ్డాయి.

చెట్టు చాటున బగొంజా నోరు మూసుకుని నవ్వాడు. అన్న మొహం కనపడ్డాక ఆపాడు.

శుక్రవారం ఎండుమిరప పొగ పెట్టాడు, పంగా అనే పొడుగాటి కత్తి తిప్పాడు. అడ్యేరి రెండు చెట్లు అవతలికి జరిగి పడుకుంది. కబగంబె దగ్గి దగ్గి వాంతి చేసుకుని, దగ్గినందుకు భయపడి వాగు అవతలికి పరిగెత్తాడు. తరమడానికొచ్చినవాడు, తన దగ్గు తగిలి అవి ఎక్కడ చస్తాయోనని.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు బావి దగ్గర చెప్పుకున్నారు, ఊళ్ళో బల్లేలు సానపడుతున్నారని. అబ్వోలి చిక్కుళ్ళు వలుస్తూ మొగుడి వైపు చూడకుండా అంది. “ఆ పిల్ల తల్లి స్థానంలో నేనుంటే నేనూ బల్లెం పడతాను, అరాలీ. అయినా నువ్వు తిండి తిను.”

శనివారం బగొంజా దాక్కోలేదు. అన్న పక్కనే నడిచాడు. అన్న కోటు జేబులు రాళ్ళతో కిందికి లాగుతున్నాయి.

అడ్యేరి నేల మీద ఉంది. పొట్టను కరుచుకుని నాలుగు నెలల పిల్ల. కబగంబె పది అడుగుల దూరంలో నిలబడి మొదటి రాయి విసిరాడు. అది పక్కన పడింది. ఉచ్చు తీగను మూడు పేటలుగా పేనిన చెయ్యి గురి తప్పింది. రెండోది అడ్యేరి కాలికి తగిలింది. అది లేచి నిలబడింది. పారిపోతుందని బగొంజా అనుకున్నాడు. అది వంగి, ఉన్న ఒక్క చేత్తో రాయి తీసి వాసన చూసింది. రాయంతా కబగంబె చెమట. దాన్ని కింద పడేసింది.

తర్వాత అతని వైపు నాలుగు అడుగులు వేసి, వీపు తిప్పి కూర్చుంది. అరచెయ్యి లేని మొండిచేత్తో రెండో మోచెయ్యిని నిమ్మళంగా గోక్కుంది. ఒక ఆకు తెంపి నమిలింది.

బగొంజాకు చదువు సగమే వచ్చు కానీ అది అతను చదవగలిగాడు. అన్న మూడేళ్ళు రోజూ ఇంటికొచ్చి వాకిట్లో చేసి చూపించిందే అది. నేను నా తిండి తింటున్నాను. నీ జోలికి రాను. భయపడకు.

కబగంబె జేబుల్లోంచి రాళ్ళు ఒక్కొక్కటే తీసి చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు.

*

వెనక్కి వచ్చే దారి బగొంజా కొట్టేసిన సగంలోంచే. చెరుకు మోకాలెత్తు వచ్చింది. మధ్యలో ఒక మేడి మొద్దు తవ్వడానికి వీలుకాక మిగిలిపోయింది. కబగంబె దాని మీద కూర్చున్నాడు. కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బగొంజా నిలబడే ఉన్నాడు, నరికినవాడికి దాని మీద కూర్చోబుద్ధి కాలేదు.

దూరంగా గుడిసెల్లో మధ్యాహ్నపు పొగ లేస్తోంది. ఎవరిదో కుక్క మొరుగుతోంది. రేపటికి ఆ కుక్కలన్నీ ఇటే వస్తాయి.

కబగంబె మొదట చెప్పింది కొండ అవతలి సర్కారు అడవి గురించి. అందులో వేరే గుంపు ఉంది. మగవాటిని వాళ్ళు బతకనివ్వరు, అది ఖాయం. కొత్త పిల్లలనూ చంపొచ్చు. ఆడవాళ్ళనైతే ఒక్కోసారి చేర్చుకుంటారు. తొమ్మిదిలో నాలుగో మూడో మిగలొచ్చు. ఇక్కడుంటే ఒక్కటీ మిగలదు. రోడ్డు దాటి, టీతోట అంచున పోతే మూడు గంటల నడక. తరిమితే పోతాయి. తరిమేవాడే లేడు.

“నాకు చేతకాదని చూశావుగా,” అన్నాడు.

బగొంజా తల ఊపాడు.

“జనవరిలో నీ మిషను చప్పుడైనప్పుడు రెండు రోజులు కంటికి కనపడకుండా పోయాయి. కొండ దాకా పోయాయి. నేను చూశాను. వాటికి ఈ ఊళ్ళో నువ్వొక్కడివంటేనే భయం, అత్వూకీ.”

ఎనిమిది నెలల తర్వాత ఆ పిలుపు. బగొంజా చెరుకు ఆకు ఒకటి తెంపి వేలికి చుట్టుకున్నాడు, రక్తం వచ్చేదాకా.

“రేపు తెల్లారేసరికి మిషను పట్టుకుని రా. వాగు వైపు నించి మొదలెట్టు, కొండ వైపు వదిలెయ్. ఆపకు. ఎవరైనా ఆగితే రాయి పుచ్చుకో. అడ్యేరిని ముందు కొట్టు, అది కదిలితే అందరూ కదులుతారు. తలకి కొట్టొద్దు. పిల్ల ఉన్న వైపు కొట్టొద్దు. కానీ గట్టిగా కొట్టు, నొప్పి పుట్టాలి, జన్మలో మళ్ళీ మనిషి దగ్గరికి రాకూడదు. నేను ఇంట్లోనే ఉంటాను. నన్ను చూస్తే అది ఆగిపోతుంది.”

లేచి కోటు భుజాన వేసుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు, వెనక్కి తిరగలేదు.

“ఎక్కడ తగిలిందో మాత్రం నాకు చెప్పకు.”